ప్రోటాన్ కోసం పొలం అమ్మాలా?

2025 డిసెంబరులో ‘ద లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. గొంతు వెనక భాగంలో, అంటే టాన్సిల్స్, నాలుక మొదలు ఉండే చోట క్యాన్సర్ వచ్చిన 440 మందిని అమెరికాలోని 21 ఆసుపత్రుల్లో రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ఇప్పుడు అంతటా వాడుకలో ఉన్న ఎక్స్-రే రేడియేషన్, మరో జట్టుకు ప్రోటాన్ రేడియేషన్ ఇచ్చారు. ఐదేళ్ల లెక్క చూస్తే ప్రోటాన్ జట్టులో నూటికి దాదాపు 91 మంది, ఎక్స్-రే జట్టులో 81 మంది బతికి ఉన్నారు.

ఈ వార్త వాట్సాప్‌లోకి ఎక్కేసరికి ‘నోటి క్యాన్సర్‌కు కొత్త కరెంటు వచ్చింది, చెన్నైలో పెడుతున్నారు’ అయింది. మా పల్నాడు వైపు రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. నాదెండ్ల, చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల నుంచి ఓపీకి వచ్చేవాళ్లలో ఇప్పుడు నోటి క్యాన్సర్ ఉన్న ప్రతి రెండో కుటుంబం అడిగే ప్రశ్న ఇదే: ‘డాక్టరు గారూ, ఆ ప్రోటాన్ పెట్టిస్తే నయమవుతుందంటగా? అరెకరం అమ్మితే సరిపోతుందా?’

వార్త అబద్ధం కాదు. ప్రోటాన్ మోసమూ కాదు. కానీ ఆ అధ్యయనంలోని రోగి వేరు, మన ఊళ్లో బుగ్గలో పుండుతో వచ్చే రోగి వేరు. ఈ తేడా తెలియక కొన్ని కుటుంబాలు డబ్బుతో పాటు అంతకన్నా విలువైన వారాలను పోగొట్టుకుంటున్నాయి. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

టిక్కీలు ఎక్కడ దించుతారు?

మామూలు రేడియేషన్‌లో వాడేది ఎక్స్-రే కిరణం. ఛాతీ ఫొటో తీసేదానికన్నా ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. అది శరీరంలోకి దూరగానే శక్తిని వదలడం మొదలుపెడుతుంది, గడ్డను దాటి అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. దారిలో ఉన్న కండరం, లాలాజల గ్రంథి, దవడ ఎముక అన్నీ కొంత దెబ్బ తింటాయి.

ప్రోటాన్ కిరణం కాదు, కణం. హైడ్రోజన్ పరమాణువు మధ్యలో ఉండే బరువైన ముక్క. దాన్ని పెద్ద యంత్రంలో తిప్పి తిప్పి కాంతి వేగంలో సగం దాకా పరుగెత్తించి వదులుతారు. అది శరీరంలో ఎంత లోతుకు వెళ్లాలో ముందే లెక్క కట్టి శక్తి ఇవ్వొచ్చు. నీటిలో 15 సెంటీమీటర్లు వెళ్లాలంటే సుమారు 150 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మన భాషలో చెప్పుకుంటే, నాదెండ్ల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తీసుకెళ్లే లారీ లాంటిది ఇది. దారిలో ఒకటీ అరా టిక్కీ జారినా, మొత్తం సరుకు యార్డులోనే దించేస్తుంది. అక్కడితో ఆగిపోతుంది, విజయవాడ దాకా పోదు. ఎక్స్-రే లారీ అలా కాదు. బయల్దేరిన దగ్గర నుంచీ టిక్కీలు దించుకుంటూ, యార్డులో కొన్ని పడేసి, అవతలి ఊళ్లలోనూ పంచుకుంటూ పోతుంది.

కణాలు ఆగే ముందు శక్తినంతా ఒక్కసారి వదిలే ఈ గుణాన్ని విలియం హెన్రీ బ్రాగ్ అనే శాస్త్రవేత్త 1900ల తొలినాళ్లలోనే గమనించాడు. దీన్ని వైద్యానికి వాడొచ్చని 1946లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాశాడు. 1954లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తొలి రోగికి ఇచ్చారు. అంటే ఇది నిన్న మొన్నటి కొత్త చికిత్స కాదు. యంత్రం ఖరీదు, స్థలం, లెక్కల కష్టం వల్ల ఇన్నాళ్లూ అందరికీ అందలేదంతే.

తల, మెడ భాగంలో దీని మీద ఇంత ఆశ ఎందుకంటే, అక్కడ అంగుళం అంగుళానికీ ఒక ముఖ్యమైన అవయవం ఉంటుంది. చెవి ముందు పెరోటిడ్ లాలాజల గ్రంథి, దవడ కింద ఇంకొకటి, వెనక వెన్నుపాము, పైన కంటి నరాలు, కింద స్వరపేటిక. ఎక్స్-రే చికిత్స అయ్యాక ఎక్కువ మంది చెప్పే బాధ నోరు ఎండిపోవడం. లాలాజలం లేకపోతే అన్నం ముద్ద గొంతు దిగదు. నాలుక మీద రుచి పోతుంది. కారం అసలు పడదు. గోంగూర పచ్చడి, ఆవకాయ లేకుండా పల్నాడు మనిషికి భోజనం ఏమిటి చెప్పండి! బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపించొచ్చు గానీ, చికిత్స అయిన రెండేళ్లకు కూడా మజ్జిగన్నమే తింటూ, చేతిలో నీళ్ల సీసా లేకుండా గడప దాటలేని మనిషిని అడిగితే తెలుస్తుంది.

ఎవరికి నిజంగా అవసరం?

కొన్ని క్యాన్సర్లకు ప్రోటాన్ విషయంలో నిపుణుల మధ్య పెద్దగా తగాదా లేదు. పుర్రె అడుగున పుట్టే కార్డోమా, కాండ్రోసార్కోమా అనే గడ్డలు, ముక్కు పక్క సైనస్‌లలో పుట్టి కంటి నరాన్ని ఆనుకుని ఉండే క్యాన్సర్లు, చిన్న పిల్లల తల, మెడ గడ్డలు, ఒకసారి రేడియేషన్ అయ్యాక అదే చోట మళ్లీ వచ్చి మళ్లీ రేడియేషన్ ఇవ్వాల్సిన పరిస్థితి ఈ కోవలోవి. ఇలాంటి చోట రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చూపుకీ అంధత్వానికీ మధ్య తేడా అవుతుంది. పిల్లల విషయంలో ఇంకో కారణం ఉంది. వాళ్ల ముందు ఇంకా అరవై, డెబ్బై ఏళ్ల బతుకు ఉంటుంది. ఇవాళ అనవసరంగా పడ్డ రేడియేషన్ ఎముకల పెరుగుదలను ఆపొచ్చు, ఎన్నో ఏళ్ల తర్వాత మరో క్యాన్సర్‌కు కారణం కావొచ్చు. మీ ఇంట్లో ఇలాంటి కేసు ఉంటే ప్రోటాన్ గురించి తప్పక అడగండి. అక్కడ డబ్బు లెక్క వేరు.

జపాన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. కణ చికిత్సలో ఆ దేశానిది దశాబ్దాల అనుభవం. ప్రోటాన్‌కన్నా బరువైన కార్బన్ కణాలతో 1994 నుంచే చిబా నగరంలో చికిత్స ఇస్తున్నారు. 2018లో తల, మెడ క్యాన్సర్లకు కణ చికిత్స ఖర్చును వాళ్ల ప్రభుత్వ బీమాలో చేర్చారు. అయితే ఒక మినహాయింపు పెట్టారు. నోటిలో, గొంతులో వచ్చే మామూలు రకం, అంటే పొర కణాల నుంచి పుట్టే స్క్వామస్ క్యాన్సర్లను అందులోంచి తీసేశారు. మన ఊళ్లలో వచ్చే నోటి క్యాన్సర్లలో నూటికి తొంభై పైగా ఈ స్క్వామస్ రకమే. అంత అనుభవం ఉన్న దేశం ఆ మినహాయింపు పెట్టుకుందంటే మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

రెండు అధ్యయనాలు, రెండు జవాబులు

ఇప్పుడు లాన్సెట్ లెక్కకు వద్దాం. ఆ అధ్యయనం మొదలుపెట్టినప్పుడు ప్రధాన ప్రశ్న ‘ప్రోటాన్‌తో ఎక్కువ మంది బతుకుతారా’ అన్నది కాదు. ‘వ్యాధిని అదుపు చేయడంలో ప్రోటాన్ ఎక్స్-రేకి తీసిపోకుండా ఉంటుందా’ అన్నది. తీసిపోలేదని తేలింది. బతికినవాళ్ల సంఖ్యలో కనిపించిన తేడా పక్కన వేసుకున్న లెక్క. మంచి సంకేతమే, కానీ ఒక్క అధ్యయనంలో పక్క లెక్కగా వచ్చినదాన్ని బల్లగుద్ది చెప్పడం మా వైద్యుల అలవాటు కాదు. నాకు అంతకన్నా నమ్మకంగా అనిపించింది ఇంకోటి. ఇదే అధ్యయనం వివరాలను 2024లో తొలిసారి వెల్లడించినప్పుడు, చికిత్స ముగిసేనాటికి గొట్టం ద్వారా ఆహారం తీసుకోవాల్సి వచ్చినవాళ్లు ఎక్స్-రే జట్టులో నూటికి 42 మంది, ప్రోటాన్ జట్టులో 28 మంది. ముక్కులో గొట్టం పెట్టించుకుని ఆరు వారాలు గడిపిన ఇంటికి ఈ 14 మంది తేడా ఏమిటో తెలుసు.

ఇక రెండో అధ్యయనం గురించి వాట్సాప్‌లో ఎవరూ పంపలేదు. దాని పేరు టార్పీడో. బ్రిటన్‌లో 205 మంది మీద, అదే గొంతు క్యాన్సర్‌కు, అదే రెండు చికిత్సలను పోల్చి చూశారు. ఫలితాలు 2025 సెప్టెంబరులో బయటికి వచ్చాయి. చికిత్స అయిన ఏడాదికి గొట్టం మీద ఆధారపడటంలో గానీ, బరువు తగ్గడంలో గానీ, రోగులే స్వయంగా చెప్పిన ఇబ్బందుల్లో గానీ రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఎలా వచ్చాయి? ఒక కారణం లెక్క తీసిన సమయం. ఒకరు చికిత్స ముగిసేనాటికి చూశారు, మరొకరు ఏడాదికి చూశారు. మొదటి నెలల్లో ఉన్న తేడా ఏడాది తిరిగేసరికి తగ్గిపోవచ్చు. నాకు తోచే రెండో కారణం ఎక్స్-రే చికిత్స నాణ్యత. ఎక్స్-రేని శ్రద్ధగా, మింగే కండరాలను తప్పిస్తూ ప్లాన్ చేసి ఇస్తే ప్రోటాన్‌కు మిగిలే ఆధిక్యం తగ్గుతుంది. మన రాష్ట్రానికి పనికొచ్చే పాఠం ఇక్కడే ఉంది. దాని గురించి కొంచెం తర్వాత చెబుతాను.

మన క్యాన్సర్ వేరు

ఆ రెండు అధ్యయనాల్లోనూ ఉన్న రోగుల్లో అత్యధికులకు క్యాన్సర్ వచ్చింది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల. అది రేడియేషన్‌కు బాగా లొంగే రకం. పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు గొంతు క్యాన్సర్ అంటే ఎక్కువగా అదే.

నాదెండ్ల మండలంలో వచ్చే క్యాన్సర్ పొగాకుది. చిలకలూరిపేట చుట్టూ పత్తి, మిర్చితో పాటు పొగాకు పండించే ఊళ్లు ఇవి. టుబాకో బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్నది పక్కనే గుంటూరులో. 2025 వేసవిలో నల్ల బర్లీ ధర పడిపోయి రైతులు రోడ్డెక్కితే, మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. పండించే చేతికే చుట్ట అలవాటు కావడంలో ఆశ్చర్యం లేదు. చుట్ట, బీడీ తగ్గుతున్నచోట ఖైనీ, గుట్కా వచ్చాయి. పెద్ద వయసు ఆడవాళ్లలో పళ్లకు నశ్యం రాసుకునే అలవాటు ఇంకా ఉంది. వాళ్లు దాన్ని పొగాకు అనుకోరు, పళ్లపొడి అనుకుంటారు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో అయిదుగురిలో ఒకరు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు.

పొగాకు ఎక్కడ పెట్టుకుంటారో పుండు అక్కడే వస్తుంది. బుగ్గ లోపల, చిగురు పక్కన గాడిలో, నాలుక అంచున. ఉత్తరాంధ్రలో మండే కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తోందని 1950ల్లోనే విశాఖపట్నం వైద్యులు ప్రపంచానికి చెప్పారు. 2022లో దేశంలో కొత్తగా నమోదైన నోటి క్యాన్సర్లు దాదాపు 1.44 లక్షలు, మరణాలు 80 వేల దగ్గర అని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా.

ఈ రకానికి మొదటి చికిత్స రేడియేషనే కాదు, ఆపరేషన్. గడ్డను చుట్టూ ఆరోగ్యకరమైన అంచుతో తీసేయాలి, మెడలో గ్రంథులు కూడా తీయాలి. గ్రంథులు ఇప్పుడే తీయాలా, ఉబ్బాక తీస్తే చాలా అన్న సందేహాన్ని తీర్చింది మన ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రే. 2015లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో తొలి దశ నోటి క్యాన్సర్‌కు గ్రంథులను మొదటే తీసినవాళ్లలో మూడేళ్లకు నూటికి 80 మంది, ఆగి తీసినవాళ్లలో 67 మంది బతికారు. అంటే 13 మంది తేడా. ప్రోటాన్ తెచ్చిన తేడా కన్నా పెద్దదే. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, చేయి తిరిగిన సర్జన్ చాలు. కానీ ఆ వార్త ఏ కుటుంబ గ్రూపులోనూ తిరగలేదు.

ఆపరేషన్ తర్వాత పెథాలజీ రిపోర్టు చూసి, అవసరమైతే ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలుపెట్టాలి. గ్రంథి పొర దాటి వ్యాధి పాకినా, అంచుల్లో క్యాన్సర్ మిగిలినా దానితో పాటు సిస్‌ప్లాటిన్ కీమో కూడా ఇస్తారు. మొదలుపెట్టాక వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు, ఆరున్నర వారాలు. మధ్యలో ఆగకూడదు. రేడియేషన్ ఒక్క రోజు ఎక్కువ సాగితే వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం పైన తగ్గుతుందని లెక్క. పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులు మానేస్తే నాలుగైదు శాతం పోయినట్టే.

ఈ మధ్య నాదెండ్ల వైపు నుంచి అరవై దాటిన ఒక రైతు వచ్చారు. కుడి బుగ్గలో క్యాన్సర్. ఆపరేషన్ బాగా జరిగింది. రేడియేషన్ మొదలుపెట్టాల్సిన సమయంలో డాలస్‌లో ఉన్న కూతురు లాన్సెట్ వార్త పంపింది. ‘నాన్నకు తక్కువ రకం చికిత్స ఎందుకు?’ అని ఆ అమ్మాయి ప్రశ్న. అందులో తప్పేమీ లేదు, ప్రేమే. కొడుకు అరెకరం బేరానికి పెట్టాడు. కొనేవాడు రిజిస్ట్రేషన్‌కు మంచి రోజు చూసుకున్నాడు. అలా అయిదో వారం, ఆరో వారం దాటి తొమ్మిదో వారం వచ్చింది. నా దగ్గరికి వచ్చింది షుగరు చూపించుకోవడానికి. మెడ తడిమితే ఎడమ వైపు చిన్న గడ్డ చేతికి తగిలింది. అది అప్పటికే ఉందా, ఆ నాలుగు వారాల్లో వచ్చిందా అన్నది ఎవరమూ చెప్పలేం. కానీ ఆయనకు ఆ వారాల్లో కావాల్సింది ప్రోటాన్ కాదు. యాభై కిలోమీటర్ల లోపు దొరికే చికిత్సను సమయానికి మొదలుపెట్టడం.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. ఆయనలా ఒక్క వైపే రేడియేషన్ ఇవ్వాల్సినప్పుడు ప్రోటాన్ అవతలి బుగ్గను, నాలుకను బాగా కాపాడగలదు. నోటి పూత, రుచి పోవడం తగ్గుతాయి. డబ్బుకు ఇబ్బంది లేదు, చెన్నైలో రెండు నెలలు ఉండగలరు, ఆరు వారాల గడువులో మొదలుపెట్టే తేదీ చేతిలో ఉంది అంటే వద్దనడానికి కారణం లేదు. నేను వద్దనేది తేదీ లేకుండా ఎదురుచూడటాన్ని.

అసలు పెద్ద మెట్టు

ఇందాక ఎక్స్-రే చికిత్స నాణ్యత గురించి చెబుతానన్నాను. ఎక్స్-రే రేడియేషన్‌లోనే రెండు తరాలు ఉన్నాయి. పాతది కోబాల్ట్ యంత్రంతో గానీ, లీనియర్ యాక్సిలరేటర్‌తో గానీ రెండు పక్కల నుంచి నేరుగా కొట్టేది. కొత్తది ఐఎంఆర్‌టీ. చాలా కోణాల నుంచి, ప్రతి కోణంలోనూ కిరణం తీవ్రతను ముక్కలు ముక్కలుగా మార్చుతూ గడ్డ ఆకారానికి తగ్గట్టు మలుస్తారు. బ్రిటన్‌లో ఈ రెండింటినీ పోల్చిన అధ్యయనం 2011లో వచ్చింది. ఏడాది తర్వాత నోరు బాగా ఎండిపోయినవాళ్లు పాత పద్ధతిలో నూటికి 74 మంది, ఐఎంఆర్‌టీలో 38 మంది. దాదాపు సగానికి సగం.

పాత పద్ధతి నుంచి ఐఎంఆర్‌టీకి ఎక్కడమే పెద్ద మెట్టు. అక్కడి నుంచి ప్రోటాన్‌కు ఎక్కేది చిన్న మెట్టు, అదీ కొందరికే. కాబట్టి మన కుటుంబాలు మొదట అడగాల్సింది ‘ప్రోటాన్ ఉందా’ అని కాదు. ‘మా నాన్నకు ఇచ్చేది ఐఎంఆర్‌టీయేనా? మంచి వైపు పెరోటిడ్ గ్రంథిని కాపాడుతూ ప్లాన్ చేశారా?’ అని. రేడియేషన్ డాక్టరుకు ఈ ప్రశ్న విసుగు తెప్పించదు. చాలామంది కంప్యూటర్ తెర మీద రంగుల బొమ్మ చూపించి ఎక్కడ ఎంత మోతాదు పడుతుందో వివరిస్తారు.

ప్రోటాన్‌కు తనవైన ఇబ్బందులు కూడా ఉన్నాయి. కణం ఎక్కడ ఆగాలన్నది ముందు తీసిన సీటీ స్కాన్ మీద ఆధారపడి లెక్క కడతారు. చికిత్స మధ్యలో రోగి ఆరేడు కిలోలు తగ్గినా, గడ్డ చిన్నదైనా, సైనస్‌లో నీరు చేరినా లెక్క మారిపోతుంది. లారీ యార్డు దాటి పక్క వీధిలో సరుకు దించినట్టవుతుంది. అందుకే మధ్య మధ్య మళ్లీ స్కాన్ తీసి ప్లాన్ మార్చాలి. పన్నుకు వేయించుకున్న లోహపు తొడుగులు కూడా లెక్కను చెడగొడతాయి. చర్మం మీద పడే మోతాదు ఒక్కోసారి ఎక్స్-రే కన్నా ఎక్కువే ఉంటుంది. యంత్రం గొప్పదైనా దాని వెనక ఉండే ఫిజిసిస్టుల జట్టే అసలు చికిత్స.

ఎక్కడ, ఎంత

దక్షిణాసియాలో తొలి ప్రోటాన్ కేంద్రం చెన్నైలో అపోలో సంస్థ పెట్టింది. 2019 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు ప్రారంభించారు. రెండోది ప్రభుత్వ రంగంలో, నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ సెంటర్ కింద నడిచేది. 2023 మేలో జాతికి అంకితం చేశారు, ఆగస్టులో తొలి రోగికి చికిత్స ఇచ్చారు. ఒక్కోచోట మూడు చికిత్స గదులు. ఏటా లక్షన్నర దగ్గర నోటి క్యాన్సర్లే వస్తున్న దేశంలో ఈ రెండు చోట్లా కలిపి ఉన్నవి ఆరు గదులు. వాటిలోకే మెదడు గడ్డలవాళ్లు, పిల్లలు, వెన్ను గడ్డలవాళ్లు కూడా రావాలి.

ప్రైవేటులో ప్రోటాన్ ఖర్చు సాధారణంగా 20 లక్షల రూపాయలు దాటుతుంది. ఇంటద్దె, ఇద్దరు మనుషుల తిండి, ప్రయాణాలు వేరు. టాటా సంస్థలో తక్కువ, కానీ వరస ఉంటుంది. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు పాలసీ కాగితంలో ‘ఆధునిక చికిత్సలకు’ వేరే పరిమితి ఉందేమో మొదట చూసుకోండి. అయిదు లక్షల పాలసీ ఉందన్న ధైర్యంతో చెన్నై బయల్దేరడం మంచిది కాదు. లాన్సెట్ అధ్యయనంలో కూడా కొందరికి బీమా సంస్థలు ప్రోటాన్‌కు ఒప్పుకోలేదు. అమెరికాలోనే అలా ఉంది.

మరోవైపు ఐఎంఆర్‌టీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద అందుతుంది. ఈ పథకాన్ని 2007లో ఆరోగ్యశ్రీగా మొదలుపెట్టారు, పేర్లు మారాయి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించి ఇచ్చిన క్యాన్సర్ కేంద్రం ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ, హైదరాబాదులో బసవతారకం, ఎంఎన్‌జే ఉన్నాయి. పథకంలో మీ చికిత్స ఏ ప్యాకేజీ కింద వస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను చేరిన రోజే అడగండి, చివర్లో కాదు.

రాష్ట్రంలో కూడా ప్రోటాన్ కేంద్రం పెట్టాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఒక కేంద్రానికి వందల కోట్లు కావాలి. ఆ డబ్బుతో కనీసం పది లీనియర్ యాక్సిలరేటర్లు వస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడిగా నా ఓటు రెండోదానికే. అవి నరసరావుపేట లాంటి జిల్లా కేంద్రాలకు దగ్గరగా వస్తే, బస్సు ఛార్జీకి, కూలి పోతుందన్న భయానికి మధ్యలో రేడియేషన్ మానేసేవాళ్లు తగ్గుతారు. దీన్ని ఒప్పుకోని మిత్రులు నాకు ఉన్నారు. పెద్ద యంత్రం వస్తే పెద్ద నిపుణులు వస్తారని వాళ్ల వాదన. అందులోనూ కొంత నిజం ఉంది.

అంతకన్నా చవకైనది టార్చిలైటు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూశారు. పొగాకు గానీ, మద్యం గానీ అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మన రాష్ట్రంలోనూ 2024 నవంబరు నుంచి ఇంటింటికీ తిరిగి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష మొదలుపెట్టారు. ఏఎన్ఎం ఇంటికి వచ్చి నోరు చూపించమంటే చాలామంది మగవాళ్లు సిగ్గుపడి పొలానికి వెళ్లిపోతారు. ఆ ఇంటి ఆడవాళ్లు ఆ ఒక్క రోజు ఆపగలిగితే చాలు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మూడు వేళ్లు నిలువుగా పెట్టేంత తెరుచుకోని నోరు, మెడలో నొప్పి లేని గడ్డ ఉంటే వెంటనే చూపించాలి. తొలి దశలో పట్టుకుంటే పది మందిలో ఎనిమిది మంది దాకా బాగవుతారు, చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది, అసలు ఏ కరెంటూ అక్కర్లేదు.

ఇప్పటికే వ్యాధి తేలిన ఇళ్లకు నాలుగు పనులు చెబుతాను. బయాప్సీ, స్కాన్ వచ్చాక సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు ముగ్గురూ కలిసి చూసే చోటికి వెళ్లండి. రేడియేషన్ మొదలయ్యేలోపు దంత వైద్యుడికి చూపించండి. పుచ్చిన పళ్లు ముందే తీయించాలి, రేడియేషన్ అయ్యాక అదే పన్ను పీకితే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. చికిత్స మధ్యలో బరువు తగ్గిపోతుంటే డాక్టరు గొట్టం పెడతానంటే భయపడి ఒద్దనకండి. అది చావుకు గుర్తు కాదు, చికిత్స ఆగకుండా చూసే సాయం. మెడకు రేడియేషన్ పడినవాళ్లు ఆరు నెలలకో, ఏడాదికో థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

ప్రోటాన్ అవసరమా కాదా అన్న సందేహం ఇంకా పీడిస్తుంటే, దానికోసం ముంబయి రైలెక్కి వారాలు పోగొట్టుకోనక్కర్లేదు. టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయాన్ని ఇంటి నుంచే తెప్పించుకునే ‘నవ్య’ అనే ఆన్‌లైన్ సేవ ఉంది. ఆపరేషన్ అయిన వారంలోనే పెథాలజీ రిపోర్టు, స్కాన్ సీడీ, ఆపరేషన్ నోట్సు కాపీలు అడిగి తీసుకుని పెట్టుకోండి. డాలస్‌లో ఉన్న కూతురే అక్కడి నుంచి అవి అప్‌లోడ్ చేయొచ్చు. ఈలోపు ఇక్కడి ఆసుపత్రిలో రేడియేషన్‌కు మాస్కు తయారుచేసే తేదీ, ప్లానింగ్ స్కాన్ తేదీ రాయించుకోండి. జవాబు ‘ప్రోటాన్ కావాలి’ అని వస్తే ఆ తేదీ రద్దు చేసుకోవచ్చు. ‘అక్కర్లేదు’ అని వస్తే ఒక్క రోజు కూడా పోదు.